పసుపు పెట్టిన బంతి

పొద్దున్నే ఫుట్‌బాల్ ప్రాక్టీసుకు వచ్చిన మోహన ముందుగా తల పైకెత్తి బంతి ఉందో లేదో చూసుకునేది. ఉండేది. కొత్త స్టేడియం తొలి భూమిపూజ నాడు ముఖ్య అతిథి పసుపూ కుంకుమా పెట్టిన బంతిని తన్నితే, అది టెంకాయ చెట్టెత్తు పోయి అక్కడే ఆగిపోయింది. కింద గోలు లేదు, గ్యాలరీ లేదు, పాపం ఎక్కడని దిగుతుందిలే అని రేణిగుంట సరిపెట్టుకుంది. ఆటోవాళ్ళు ఆ స్టాపుకు 'బంతికింద' అని పేరు పెట్టుకున్నారు.

క్లబ్బు అధ్యక్షుడు యోగానంద సిగ్గు ఎరగని మనిషి. ఒక దాత చేతులెత్తేస్తే ఇంకొకర్ని పట్టుకొచ్చేవాడు. కొత్త దాతకు తన పేరుతో కొత్త శిలాఫలకం కావాలి, దానికి మళ్ళీ భూమిపూజ. పూజ చేసి నాటిన రాయిని పెరికితే అరిష్టమట, అందుకని పాతవీ అలాగే ఉండేవి. వచ్చిన డబ్బు షామియానాకూ శాలువాలకూ బిర్యానీకీ చాలేది. మోహన జట్టు ఆ రాళ్ళను తప్పించుకుంటూ పరిగెత్తి మోకాళ్ళు చీరుకునేది. స్టేడియం కట్టడం చేతకాని పెద్దమనుషులు ఆ రాళ్ళతో శ్మశానం మాత్రం చక్కగా కట్టారు.

పగలు గోడౌన్లో అట్టపెట్టెలకు టేపు వేసే మోహనను చిత్తూరులో ఒక బడి ఆటల టీచరుగా రమ్మంది. గడువు రోజు సాయంత్రంలోగా చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. కొత్త స్టేడియంలో మొదటి మ్యాచ్‌కు నువ్వే కెప్టెన్ అన్న యోగానంద మాట నమ్మి ఆమె ఇదివరకే రెండు ఉద్యోగాలు వదులుకుంది. అది తలుచుకుంటే అతని మీద కన్నా తన మీదే ఎక్కువ అసహ్యం వేసేది.

ఆ గడువు రోజే మళ్ళీ భూమిపూజ.

"ఈ తూరి ఖాయం మోహనా. దసరాకంతా గ్యాలరీ లేస్తాది. నువ్వు యాడికీ పోవద్దు," అన్నాడు యోగానంద, దాతకు వేయాల్సిన దండ సర్దుకుంటూ.

"ఏ దసరాకు, అన్నా?"

"అట్ల మాట్లాడితే ఎట్ల మా? క్లబ్బంటే కుటుంబం కదా."

"కుటుంబానికి గోలు వల కొనడానికి చేతులు రాలేదే. శాలువాలకైతే వచ్చినాయి."

"పెద్దోళ్ళొచ్చినప్పుడు వల మాటెందుకులే," అని నవ్వి అతను కొత్త రాయి దగ్గరికి పోయాడు.

మోహన బూట్లు సంచిలో వేసుకుని చిత్తూరు బస్సెక్కింది. చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి మనసు వెనక్కి లాగింది. ఒకవేళ ఈసారి నిజంగానే కడితే? ఇన్నేళ్ళ ఎదురుచూపు ఎవరి పాలో అవుతుంది. దిగిపోదామని లేచి నిలబడింది.

"కూసో మా," అంది పక్క సీటులోని, 'బంతికింద' స్టాపులో పూలమ్మే వరదమ్మ, కిటికీలోంచి పైకి చూస్తూ. "మీ బంతి మన ఎంబడే వస్తాండాది."

వస్తోంది. పసుపు వెలిసిన బంతి బస్సు మీదుగా మెల్లగా తేలుతూ వస్తోంది. కండక్టరు కూడా తొంగిచూశాడు.

"పైన వచ్చేదానికి టికెట్ లేదులే," అన్నాడు.

మోహన కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

చిత్తూరు బడికి ప్రహరీ కూడా లేదు. గోలంటే నేలలో పాతిన రెండు సరుగుడు కట్టెలు. ఆడపిల్లలు ఎండలో వరసగా నిలబడి కొత్త టీచరు కోసం చూస్తున్నారు. బంతి ఆ కట్టెల ముందు దిగి, నేలను తాకి, ఒక్కసారి ఎగిరి మోహన కాళ్ళ దగ్గరికి దొర్లింది.

రేణిగుంటలో అదే సమయానికి కొత్త రాయి మీది తెర తీసి అందరూ చప్పట్లు కొడుతున్నారు. పైకి చూసినవాడు ఒక్కడూ లేడు.