ఎర్రసిరా టీచరు తీసిన సినిమా

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లలు నన్ను చాటుగా ఏమని పిలిచేవాళ్ళో నాకు తెలుసు. ఎర్రసిరా టీచరు. బందరు హైస్కూల్లో తెలుగు చెప్పాను. నా చేతికొచ్చిన వ్యాసం ఏదీ తెల్లగా తిరిగి వెళ్ళలేదు. రిటైరయినంత మాత్రాన ఆ చెయ్యి ఊరుకుంటుందా? శుభలేఖల్లో తప్పులు దిద్దాను, పేపర్లో దిద్దాను, మా వీధి చివర టిఫిన్ సెంటరు వాడితో వాడి బోర్డు మళ్ళీ రాయించాను. వాడిప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఆ తర్వాత నాకు షార్ట్ ఫిల్ములు దొరికాయి.

దొరికింది శేషగిరిగారి వల్ల. ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. చిలకలపూడిలో వాళ్ళ మేడ మీద గదిలో ఆదివారం సాయంత్రాలు గోడకి తెల్లదుప్పటి కట్టి చిన్న సినిమాలు వేస్తారు. చూసి, చర్చించుకుని, మనం కూడా ఏదో ఒకటి తీయాలని ఆయన ఉద్దేశం. ఆయన పద్ధతి వింతగా ఉంటుంది. ఒక్కో సినిమా మూడుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం తీసేసి. మూడోసారి అందరం దుప్పటికి వీపు పెట్టి కూర్చుని వినాలి, అంతే. రేడియో పెట్టుకుంటే పోయేదానికి ఈ తిప్పలెందుకని మొదట్లో నేను మూతి తిప్పాను.

నాకు తోడు మా ఎదురింటి పుష్పావతి వదిన. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. దివిసీమలో పొలాలున్న ఇల్లు వాళ్ళది. పిల్లల చదువులకని బందరు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. సినిమా ఎంత విషాదంగా ఉన్నా సరే, మధ్యలో జంతికల డబ్బా తిప్పకుండా ఉండలేదు.

ఒక ఆదివారం ఓ ముసలాయన చొక్కా ఇస్త్రీ చేసుకునే సినిమా వేశారు. మొదలు నుంచి చివరిదాకా ఇస్త్రీయే. కాలర్ చివర్లో చేశాడేమిటి, ముందు కదా చేయాలి అని నేను అప్పుడే తప్పు పట్టేశాను. శబ్దం తీసేసి చూసినప్పుడు ఒకటి కనబడింది. కెమెరా గుమ్మం దాటి ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. ఆయన బతుకులోకి వెళ్ళడానికి మనకి అనుమతి లేదన్నమాట. వీపు పెట్టి విన్నప్పుడు ఇంకొకటి తెలిసింది. పక్కింట్లో కుక్కర్ కూత, పిల్లల గోల వినబడుతున్నాయి. ఈయన ఇంట్లో ఇస్త్రీపెట్టె చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ఒంటరివాడని ఎవరూ చెప్పలేదు, అయినా మాకందరికీ తెలిసిపోయింది. ఆ రోజు నాకు నిజంగా ఒళ్ళు ఝల్లుమంది.

అక్కణ్ణుంచి నన్ను పట్టేవాళ్ళు లేరు. ఇదెందుకు పెట్టాడు, అదెందుకు తీశాడు, ఈ ఏడుపు ఎక్కువైంది, ఆ కిటికీ అనవసరం. బ్యాంకులో పనిచేసే అనూష మా అందరికన్నా చిన్నది. నేను నోరు తెరవగానే నవ్వడం మొదలుపెట్టేది. గుడివాడలో ఒక కళాసంఘం వాళ్ళు షార్ట్ ఫిల్ముల పోటీ పెడుతున్నారని తనే చెప్పింది. నేను తీస్తానన్నాను. ఇన్ని సినిమాలు చీల్చి చూశాక నాకు రాకపోవడమేమిటని నా ధీమా.

నేను చేసిన మొదటి పని అందరినీ పాలకాయతిప్పకి తీసుకెళ్ళడం. కృష్ణ సముద్రంలో కలిసే చోటు, అక్కడ ఏం తీసినా గొప్పగా ఉంటుందనుకున్నాను. పుష్పావతి వదిన చేత పట్టుచీర కట్టించి, జుట్టు విరబోయించి, ఇసకలో నడిపించాను. జీవితం గురించి పెద్ద ఉపన్యాసం రాసిచ్చి చెప్పించాను. అందులో సంధులూ సమాసాలూ ఎక్కడా తప్పు లేవు. అనూష తన ఫోనుతో తీసింది.

ఆదివారం నా సినిమాని కూడా మూడుసార్లు చూశారు. మొదటిసారి అందరూ మర్యాదగా చూశారు. శబ్దం తీసేశాక అనూష భుజాలు కదలడం చూశాను, పిల్ల నవ్వు ఆపుకుంటోంది. వీపు పెట్టి విన్నప్పుడు సగం ఉపన్యాసాన్ని గాలి తినేసింది. మిగిలిన సగంలో "నడవండి వదినా, వెనక్కి చూడకండి" అని నా గొంతే వినబడుతోంది. పుష్పావతి వదిన జంతికల డబ్బా తెరవడం కూడా మర్చిపోయింది.

శేషగిరిగారు మంచి మనిషి. నన్ను ఓదార్చాలనే అన్నారు.

"టీచరుగారూ, బాధపడకండి. దిద్దడం వేరు, రాయడం వేరు. మీరు దిద్దండి, మాకదే చాలు."

తిట్టినా బావుండేది. ఎన్నేళ్ళు, ఎంతమంది రాతల మీద గీతలు గీశాను! ఇంకొకళ్ళు గీత గీయడానికి నాదంటూ ఒక్క పేజీ లేదు. ఆయన అన్నది నిజమే అయితే నా బతుకంతా పరాయివాళ్ళ మార్జిన్‌లోనే గడిచిపోయినట్టు. ఆ మాట తలుచుకుంటే ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమూ వచ్చింది. గుడివాడ పోటీకి నిలబడే సినిమా తీయలేకపోతే ఇక ఆ మేడ ఎక్కను, ఎవరి పని మీదా నోరెత్తను అని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున్నే ఆ సంగతి పుష్పావతి వదినకి చెప్తే, మీరు నోరెత్తకుండా ఉండటం అయ్యే పని కాదులెండి, సినిమా తీయడమే తేలిక అంది.

ఈసారి సముద్రం లేదు, ఉపన్యాసం లేదు. ఇస్త్రీ సినిమాలోంచి నేను నేర్చుకున్నవి రెండు. ఒక పని మొదలుపెట్టి పూర్తయ్యేదాకా చూపించు. కెమెరా ఎక్కడ కూర్చోవాలో ముందు నిర్ణయించుకుని, ఇక అక్కణ్ణుంచి లేపకు. కథ చిన్నది. అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. అక్క పెరటి వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ ఉంటుంది. తన ఇత్తడి బిందె తీసుకుపోవడానికి చెల్లెలు వస్తుంది. తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఒక్క మాట ఉండదు. ఆ మౌనమే సినిమా అని అందరికీ గట్టిగా చెప్పాను.

అక్క పుష్పావతి వదిన. చెల్లెలు ఉమాదేవి, మా ఆదివారం మనిషే, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి రాళ్ళు పొదుగుతుంది. వదిన గిలకలదిండి రేవుకి వెళ్ళి చందువా చేపలు తెచ్చింది. ఆ వాసన నాకు పడదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే డైరెక్షన్ చేశాను.

మొదటి టేకు. ఉమాదేవి గడప దాటింది. వదిన తలెత్తి, "రామ్మా, కాళ్ళు కడుక్కో" అంది. ఆపేశాం. రెండో టేకులో ఎండలో వచ్చావు, మంచినీళ్ళు తాగమంది. ఆ తర్వాత టేకులో మాట అనలేదు గానీ, చేప వదిలేసి పీట జరిపింది కూర్చోమని. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరు కోపంగా ఉన్నారమ్మా, ఆవిడ మొహం చూడటం కూడా మీకిష్టం లేదు అని అరిచాను. గడప దాటి మనిషి వస్తే పలకరించకుండా ఎలా ఉంటామండీ, నోరు దానంతటదే అనేస్తోంది అని వదిన గొణిగింది. ఇంకో టేకులో ఫోను పట్టుకున్న అనూష "రండి ఆంటీ" అంది. ఆ పిల్లని దులిపేశాను. దాని తర్వాత టేకు చక్కగా నడుస్తుండగా మళ్ళీ "రామ్మా, రా" అని వినబడింది. ఎవరా అని చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ గొంతు నాదే.

ఇక ఆఖరి టేకు అన్నాను. సగం చేపలే మిగిలాయి. నా తిట్లకి వదిన మొహం మాడ్చుకుని ఉంది. ఉమాదేవి వచ్చింది. వదిన తలెత్తలేదు, పెదవి బిగించి కోస్తూనే ఉంది. ఉమాదేవి మూలనున్న బిందె తీసి చంకన పెట్టుకుంది. వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా వెళ్ళింది. హమ్మయ్య అని నేను ఊపిరి వదలబోతున్నాను.

"అన్నం తిన్నావా" అంది వదిన, తలెత్తకుండానే.

నేను నుదురు కొట్టుకున్నాను. ఉమాదేవి అక్కడే నిలబడిపోయింది. మధ్యాహ్నం దాటింది, పాపం పొద్దుటి నుంచి మా గొడవలో పడి నిజంగానే తినలేదు.

"ఇంకా లేదక్కా" అని బిందె కింద పెట్టింది.

సినిమా నాశనమైందని నేను లోపలికి వెళ్ళిపోయాను. వదిన మిగిలిన చేపలు కూడా కోసేసింది. ఎందుకైనా మంచిదని అనూష ముక్కలతో నిండిన పళ్ళాన్ని ఫోనులో దగ్గరగా తీసి పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం బ్యాంకు నుంచి అనూష నేరుగా మా ఇంటికి వచ్చింది. పోయిన సినిమా ఎలాగూ పోయింది, మన పద్ధతిలో ఒకసారి చూద్దాం టీచర్ అంది. చూశాం. మామూలుగా చూస్తే నాకు కోపమే వచ్చింది. శబ్దం తీసి చూస్తే వదిన చేతులు బావున్నాయనిపించింది. మూడోసారి ఇద్దరం ఫోను బల్ల మీద పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాం.

కత్తిపీట మీద చేప తెగుతున్న చప్పుడు. అడుగులు. బిందె నేల మీద గీసుకుంటూ లేచిన చప్పుడు. అడుగులు దూరమవుతున్నాయి. అప్పుడు కత్తిపీట ఆగింది. ప్రశ్న తర్వాత వచ్చింది. ముందు చెయ్యి ఆగింది. ఆ మధ్యలో ఒక నిశ్శబ్దం ఉంది చూడండీ, నేను రాసుకున్న మౌనమంతా కలిపినా దానికి సరితూగదు. వదిన గొంతులో కోపం ఎక్కడా తగ్గలేదు. కోపం కోపంగానే ఉంది, నోరు మాత్రం తన పని తను చేసేసింది. తర్వాత "ఇంకా లేదక్కా". ఆ పైన బిందె నేలకి తగిలిన చప్పుడు.

నేను లేచి నిలబడ్డాను. తప్పు వదినది కాదు, ఉమాదేవిది కాదు. నా కథే తప్పు. గడప దాటిన మనిషిని అన్నం తిన్నావా అని అడగని ఇల్లు మా వైపు ఎక్కడుంది? పలకరించకుండా నేనే ఉండలేకపోయాను కదా! లేని ఇల్లు రాసి, ఉన్న మనుషుల్ని అందులో ఇరికించబోయాను. స్క్రిప్టు కాగితం తీసి, 'ఒక్క మాట ఉండదు' అన్న వాక్యాన్ని ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాను. నా చేతిరాత మీద నా ఎర్రసిరా పడటం అదే మొదటిసారి. చెప్పొద్దూ, చాలా సంతోషమేసింది.

పళ్ళెం షాటు మొదట్లో పెట్టి, ఆ వెనక ఆఖరి టేకు పెట్టాం. వయొలిన్ వేద్దామని అనూష బతిమాలింది. వద్దన్నాను. వాళ్ళిద్దరూ కలిసి తిన్నట్టు చూపిద్దామంది. అదీ వద్దన్నాను. బిందె చప్పుడుతో సినిమా అయిపోవాలి.

గుడివాడ ఫంక్షన్ హాలు నిండిపోయింది. మా ముందు వేసినవాటిలో డ్రోన్లున్నాయి, ఫైటింగులున్నాయి, ఒకదాంట్లో వాన కూడా కురిసింది. మా చేపల పళ్ళెం తెర మీదకి రాగానే వెనక వరసలో ఎవరో నవ్వారు. పక్కన శేషగిరిగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను. కాదు, వింటున్నారు.

"అన్నం తిన్నావా" దగ్గర హాలంతా ఘొల్లున నవ్వింది. అయిపోయాం అనుకున్నాను. "ఇంకా లేదక్కా" అనేసరికి ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. బిందె చప్పుడు అంత పెద్ద హాల్లో స్పష్టంగా వినబడింది. తెర నల్లబడింది. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూనే కొడుతోంది. నాకు కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మొదటి బహుమతి మాకే వచ్చింది. నలుగురం స్టేజి ఎక్కాం. జ్ఞాపిక ఇస్తున్న పెద్దమనిషి రెండు మాటలు చెప్పమని మైకు పుష్పావతి వదిన చేతికిచ్చారు. వదిన కంగారుపడి ఆయన్నే చూసి, "భోంచేశారాండీ" అంది. హాలంతా నవ్వులతో దద్దరిల్లింది. ఆయన కూడా నవ్వుతూ, ఇంకా లేదక్కా అన్నారు. ఆ తర్వాత మమ్మల్ని చాలాసేపటిదాకా దిగనివ్వలేదు.

కిందికి రాగానే శేషగిరిగారు చేతులు జోడించి, ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండీ అన్నారు. సరే అన్నాను గానీ, నా కడుపులో ఆ ముల్లు ఇంకా కొంచెం ఉంది. బహుమతి వచ్చినా సరే, ఒక్కసారికి అదృష్టం కొద్దీ కుదిరిందేమో అన్న గుబులు.

అప్పుడొచ్చింది హేమ అనే పిల్ల, గుడివాడలో డిగ్రీ చదువుతోందట. చాలా బావుంది మేడమ్ అంటూనే కాళ్ళు అటూ ఇటూ మారుస్తోంది. ఏమిటో చెప్పమన్నాను.

"మొదట్లో పళ్ళెం నిండా ముక్కలున్నాయి మేడమ్. చెల్లెలు వచ్చాక చూస్తే సగమే ఉన్నాయి. కోసేకొద్దీ పెరగాలి కదండీ, తగ్గాయేంటి?"

నా కోపం గొంతు దాకా వచ్చింది. నా సినిమాకి వంకా, నాకా చెప్పేది అని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆ పళ్ళెం అన్నీ కోసేశాక తీసింది. నిజమా కాదా అన్నది కూడా పక్కన పెట్టండి. ఒక పిల్ల నా పనిని కళ్ళు చిట్లించుకుని చూసి, తప్పు వెతికి పట్టుకుని, దిద్దడానికి నా దగ్గరికి వచ్చింది. దిద్దడానికి నాదంటూ ఒకటి ఉంది.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని జనంలోంచి లాక్కుంటూ శేషగిరిగారి దగ్గరికి తీసుకెళ్ళాను. అన్నం తినకుండా వెళ్ళకూడదని వెనక నుంచి వదిన కేకలు వేస్తోంది. నేను చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

"శేషగిరిగారూ, ఈ అమ్మాయి చెప్పేది వినండి" అన్నాను గట్టిగా, హాలంతా తిరిగి చూసేలా. "నా సినిమాలో తప్పుందటండీ."