మేనమామ అల్లిన బుట్ట

పూండి దగ్గర తన మడి గట్టు మీద జారిపడి సుందరరాజులు కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చి, వసారాలో మంచానికి అతుక్కుపోయాడు. తెల్లారితే పొలంలో ఉండే మనిషికి ఇంట్లో ఏం తోస్తుంది? టీవీ చూసి విసుక్కున్నాడు, ఫోను చూసి విసుక్కున్నాడు, చివరికి భార్య దేవసేన ఇచ్చిన కాఫీ మీద కూడా విసుక్కున్నాడు.

ఆమె అప్పుడు ప్లాస్టిక్ వైరుతో బుట్ట అల్లుతోంది. సుందరరాజులు చెల్లెలు కోకిలకు పెళ్ళయిన చాన్నాళ్ళకు పుట్టిన కూతురు కవిప్రియ. ఆ పిల్లకు తిరుత్తణి కొండ మీద చెవులు కుట్టిస్తున్నారు. మేనమామ పెట్టాల్సిన కమ్మలు, పట్టుపావడా, పళ్ళు తీసుకెళ్ళడానికే ఆ బుట్ట.

"కట్టు కాలికి గదా! చేతులకేమొచ్చె?" అంటూ దేవసేన ఒకనాడు అల్లిక అతని ఒళ్ళో పడేసింది.

"ఇది ఆడోళ్ళ పని గదే!"

"నాట్లు గూడా ఆడోళ్ళ పనే. పోయినేడు నాకు జరమొచ్చినప్పుడు నువ్వు దిగి నాటలేదా?"

అతను వైరు చేతిలోకి తీసుకున్నాడు. ఉసిరికాయలా ఉబ్బెత్తుగా వచ్చే నెల్లికాయ ముడి వేయడం నేర్పించుకున్నాడు. పలుపులు బిగించిన చేయి కాబట్టి ప్రతి ముడినీ ఎద్దును కట్టినట్టు బిగించేవాడు. బుట్ట ఒకవైపు ముడుచుకుపోయింది. విప్పాడు, మళ్ళీ అల్లాడు. రానురాను వేళ్ళకు పట్టు చిక్కింది గానీ, అడుగు కొంచెం వంకరగానే ఉండిపోయింది. పక్క వరసలు తాను వేస్తానని దేవసేన చేయి చాపితే, బుట్టను అవతలికి జరుపుకున్నాడు. "తాకబాకు. ఇది నాది."

పక్క మడి చెంగయ్య పలకరించడానికి వస్తే మాత్రం గబుక్కున తువ్వాలు కప్పేశాడు. తువ్వాలు చిన్నది, చిలకపచ్చ వైర్లు నాలుగువైపులా బయటికి వేలాడాయి. చెంగయ్య తువ్వాలెత్తి చూసి పడీపడీ నవ్వినాక, బుట్టను అటూ ఇటూ తిప్పాడు.

"గట్టిగా ఉండాది మామా. మా పాపకు టిఫన్ బాక్సు పెట్టుకునేదానికి చిన్నదొకటి అల్లిపెడతావా?"

ఆ మాటతో సుందరరాజులుకు సిగ్గు సగం పోయింది. మిగతా సగం మాత్రం కోకిలను తలుచుకుంటే పోలేదు. ఆమె తిరువళ్ళూరులో బ్యాంకు ఉద్యోగి. తోలు సంచులు వేసుకుని తిరిగే మనిషి. తన వంకర బుట్టను నలుగురి ముందు ఎలా పట్టుకుంటుంది?

చెవులు కుట్టే రోజుకు కట్టు విప్పేశారు. కర్ర ఊతంతో ఆటో దిగి, కొండ మీద చుట్టాల మధ్య కూర్చున్నాడు. దేవసేన బుట్టను తెచ్చి ఆడబిడ్డ ముందు పెట్టింది. అది కొంచెం ఎడమకు ఒరిగింది.

"భలే ఉంది వదినే! నువ్వే అల్లినావా?"

దేవసేన నవ్వుతూ మొగుడి వైపు చూసింది. సుందరరాజులు గొంతు సవరించుకున్నాడు. "నేనే అల్లినానమ్మా. అడుగు రవ్వంత వంకర పోయె."

కోకిల బుట్టను దగ్గరికి జరుపుకుంది. ముడుల మీద వేళ్ళు పోనిచ్చి, అన్న చేతుల వైపు చూసింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. అంతలో చెవులు కుట్టే ఆచారి పిలిచాడు.

మేనమామ ఒళ్ళో కూర్చున్న కవిప్రియ మొదటి చెవికే కొండంతా వినబడేలా ఏడ్చింది. అరటిపండు చూపించారు, ఫోను చూపించారు. పిల్ల రెండో చెవి చూపించనంది. సుందరరాజులుకు ఏమీ తోచక, బుట్టలోని పళ్ళు పక్కన పెట్టించి, ఖాళీ బుట్టను తన తల మీద బోర్లించుకున్నాడు. కళ్ళు మూసుకుపోయాయి. ముక్కు మాత్రం కనబడుతోంది.

"పాపా, మామ యాడ?"

కవిప్రియ ఏడుపు మధ్యలోనే కిసుక్కుమని, బుట్ట ఎత్తి చూసింది. ఆ నవ్వులోనే ఆచారి రెండో కమ్మ కూడా పెట్టేశాడు.

ఆ తర్వాత బుట్ట పిల్ల చేయి దాటలేదు. భోజనాల దగ్గర కూడా ఒళ్ళోనే.

"అది బిడ్డది అయిపోయె అన్నా," అంది కోకిల వడ్డిస్తూ. "నాకొకటి కావాల. బ్యాంకుకు తీసుకుపోతా."

"ఏం రంగు?"

"నీ ఇష్టం."

ఇంటికి పోతూ తిరువళ్ళూరులో బస్సు మారేటప్పుడు సుందరరాజులు కర్ర టకటకలాడిస్తూ నేరుగా వైరు అంగడికి నడిచాడు. అతను పసుపన్నాడు, దేవసేన వంగపండు రంగంది. అంగడాయన రెండు రంగుల కట్టలూ తీసి ముందు పెట్టాడు. పూండి బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరూ తేల్చుకోలేకపోయారు. రెండు కట్టలూ కొనుక్కుని బస్సెక్కారు.