ఒళ్లు రుద్దే పిన్ని

మల్‌సుక్ రెండు చప్పట్లు కొట్టగానే బల్ల మీది ముసలావిడ బుద్ధిగా పక్కకు తిరిగింది. కొరియాలోని మొక్‌పో రేవు వెనక సందులోని ఆ స్నానశాలలో ఆడవాళ్లందరికీ ఆ చప్పట్ల అర్థం తెలుసు. మల్‌సుక్ పొట్టి మనిషి. బలిసిన భుజాలు, నీళ్లలో నానీ నానీ ముడతలు పడిన వేళ్లు. చేతికి ఆకుపచ్చ గరుకు గుడ్డ తొడుక్కుని మెడ నుంచి మడమ దాకా రుద్దుతుంటే మట్టి పేలికలుగా రాలుతోంది.

"పిన్నీ, నడుం దగ్గర ఇంకాస్త గట్టిగా!"

"ఇంకా గట్టిగానా? ఎముకలు తేలతాయి అవ్వా! మీ కోడలు నా మీదకి పోట్లాటకొస్తుంది."

ఒళ్లు రుద్దించుకునే వాళ్లందరికీ ఆమె పిన్నే, ఎనభై దాటిన వాళ్లకి కూడా. ఇంట్లో తొమ్మిదేళ్ల బోమికి మాత్రం నిజంగానే పిన్ని. తండ్రి పేరు ఎన్నడూ చెప్పని అక్క యన్‌సుక్, రెండేళ్ల పిల్లను చెల్లెలి ఒళ్లో పెట్టి, పని చూసుకుని వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. ఇప్పుడు మల్‌సుక్, ఆమె మొగుడు కలిసి పిల్లను దత్తతకిమ్మని కోర్టుకెళ్లారు. ఆ దత్తత జరగాలంటే కన్నతల్లి తన హక్కు పూర్తిగా వదులుకోవాలి. కిందటిసారి అక్క జడ్జి ముందు "వదలను" అని ఏడ్చి వెళ్లిపోయింది. ఈ మధ్యాహ్నం మళ్లీ కోర్టు. అక్క ఏమంటుందోనని పొద్దున్నుంచీ మల్‌సుక్ గోడ గడియారం వైపే చూస్తోంది.

ముసలావిడ లేచి వెళ్లింది. తరువాత బల్ల మీద పడుకున్న మనిషిని చూసి మల్‌సుక్ చేయి ఆగిపోయింది.

"ఏంటే అలా చూస్తావు? డబ్బులిచ్చే వచ్చాను. రుద్దు," అంది అక్క.

మల్‌సుక్ గోరువెచ్చని నీళ్లు పోసింది. అక్క బాగా చిక్కిపోయింది. పొత్తికడుపు మీద కాన్పు కోత గీత తెల్లగా మెరుస్తోంది. అక్కడికి వచ్చేసరికి మల్‌సుక్ గరుకు గుడ్డ తీసేసి వట్టి చేత్తో తుడిచింది.

"అది రుద్దితే పోదే."

"పోనక్కర్లేదులే అక్కా."

అక్క కప్పు వైపే చూస్తూ పడుకుంది. "నిన్న బోమి బడి దగ్గరికెళ్లా. నన్ను పోల్చుకోలేదు. దారి తప్పారా అండీ, ఎక్కడికెళ్లాలి అనడిగింది. ఎంత మర్యాద నేర్పావే దానికి! సరేనంటాలే జడ్జిగారితో," అంది. "ఇక నేను దానికేమవుతానే?"

"పెద్దమ్మవి."

"పెద్దమ్మ," అని అక్క పైకే అని చూసుకుంది. "బానే ఉంది."

మల్‌సుక్ రెండు చప్పట్లు కొట్టింది. అక్క గబుక్కున బోర్లా తిరిగింది. ఏడుపు దాచుకోవడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

మధ్యాహ్నం అక్క మాట తప్పలేదు. జడ్జి బోమిని, "నువ్వెక్కడుంటావమ్మా?" అని అడిగింది.

"మా ఇంట్లోనే. ఇంకెక్కడుంటాను?" అంది బోమి.

జడ్జి నవ్వేసి, దత్తతకు ఒప్పుకుంటున్నానని అక్కడికక్కడే చెప్పింది. మల్‌సుక్ కోర్టు మెట్ల మీదే మొగుడి చేతులు పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది. ఏడేళ్ల భయం ఒక్క దెబ్బకు వదిలిపోయింది. మనసారా నవ్వి, అక్కను కూడా పిలుద్దామని వెనక్కి చూస్తే అక్క లేదు.

సాయంత్రం మల్‌సుక్ మొదటిసారి డబ్బులు కట్టి, దర్జాగా, బోమిని తీసుకుని స్నానశాలకు వచ్చింది. ఆవిరిలో నుంచి "అమ్మా!" అని కేక వినిపించింది. పిల్లలున్న ఆడవాళ్లంతా తిరిగి చూశారు. మల్‌సుక్ మాత్రం తన మానాన తాను తల రుద్దుకుంటోంది.

"అమ్మా! నిన్నే! చెవుడా? వీపు రుద్దవా?"

స్నానశాల అంతా ఘొల్లున నవ్వింది. మల్‌సుక్ కళ్లలోకి సబ్బు నురగ పోయింది. పోతే పోయిందని, కళ్లు మండుతున్నా "వస్తున్నా తల్లీ, వస్తున్నా!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది.

బయటికొస్తుంటే గల్లాపెట్టె దగ్గరి ఆవిడ వాళ్లను ఆపింది. "మీ అక్క బస్సెక్కే ముందు వచ్చింది. పాపకిమ్మంది."

బల్ల మీద చిన్న బొద్దు సీసాలో, స్నానమయ్యాక తల్లులు పిల్లలకు కొనిపెట్టే అరటిపండు పాలు, పక్కనే విప్పని స్ట్రా, సీసా కింద గుండ్రంగా చెమ్మ.