రాణి చేతిలోని బిడ్డ

నేను ఒక తోలుబొమ్మను. అందులోనూ రాణిని. మూడడుగుల ఎత్తు, ముక్కుకు బులాకీ, ఎర్రచీర, ఒంటినిండా నగలు. పుట్టుకకు మాత్రం మేకను. ఈ మాట ముందు నేనే చెప్పేస్తే మీరు వెనకాల చెప్పుకునే పని ఉండదు.

నన్ను చేసినవాడు గోవిందోజి. ధర్మవరం దగ్గర ఒక పల్లెలో వాళ్ళది బొమ్మలాటవాళ్ళ ఇల్లు. తోలు నానబెట్టి, బొచ్చు గీకి, అవతలి వెలుగు ఇవతలికి కనబడేదాకా పలచన చేశాడు. తర్వాత ఉలి పట్టుకుని నా ఒంట్లో వందల చిల్లులు పొడిచాడు. ఒక్కో చిల్లు ఒక్కో నగ. మొదటిసారి దీపం ముందు నిలబెట్టినప్పుడు వెలుగు నాలోంచి దూరి తెల్లచీర తెరమీద రంగులుగా పడింది. అవతల జనం ఊపిరి బిగబట్టారు. ఊపిరన్నది లేకపోయినా నేనూ బిగబట్టాను. ఆ ఆశ్చర్యం నాకు ఇవాళ్టికీ తీరలేదు.

నా వేషం మీ అందరికీ తెలిసిన కథలోదే. కన్నబిడ్డను పెట్టెలో పెట్టి ఏట్లో వదిలేసి, ఆ సంగతి కడుపులో దాచుకుని బతికే రాణి. ఇలాంటి కథలంటే మీకు మహా ఇష్టం. ఉంగరం పోగొట్టుకున్న ఆవిడ, మొగుడు అనుమానించిన ఆవిడ, ఎవరి కొడుకో తెలియకుండా పెరిగిన వీరుడు, ఎన్నిసార్లు చూసినా ముక్కు చీదుకుంటూ చూస్తారు. ఇంటికి పోయి పెళ్ళాన్ని అనుమానిస్తారు.

నా కుడిచేతికి దారంతో కట్టిన పసిబిడ్డ బొమ్మ ఒకటి ఉండేది, అరచేయంత. అది నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఆ ఏడు కరువు. గోవిందోజి భార్య రుక్కూబాయి పుట్టింట్లో తొలికాన్పుగా మగబిడ్డను కన్నది. తిండి లేక పాలు పడలేదు. ఇరవై రోజుల బిడ్డను బళ్ళారిలో పిల్లల్లేని దంపతులకు ఇచ్చేశారు. మళ్ళీ మీ గడప తొక్కబోమనీ, బిడ్డ మాదని ఎక్కడా అనబోమనీ మాట ఇచ్చారు. ఊళ్ళో మాత్రం పురిట్లోనే పోయాడని చెప్పారు. ఆ నెలలో గోవిందోజి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఆ పసిబొమ్మను చేశాడు. ఎడమచెవి కింద ఒక చిల్లు ఎక్కువ పొడిచాడు. అసలు బిడ్డకు అక్కడ పుట్టుమచ్చ ఉండేది.

ఆ తర్వాత నలభై ఏళ్ళు రుక్కూబాయి నన్ను చేతపట్టి, ఆ బిడ్డను ఏట్లోకి సాగనంపే పాట పాడింది. ఏం పాడుతుంది, నిజంగా తల్లే అన్నట్టు పాడుతుంది అని జనం మెచ్చుకునేవాళ్ళు. ఆవిడ కన్నీళ్ళు నా వీపున పడి రంగు కరిగేది. మర్నాడు తనే మళ్ళీ పూసేది. మనుషులు ఇంత బరువు ఎక్కడ పెట్టుకుంటారో నాకు అర్థం కాదు. నేను తూకానికి పావుశేరు ఉండను.

గోవిందోజి పోయాడు. రుక్కూబాయి గొంతు సన్నగిల్లింది. పాట కోడలు హేమావతికి వచ్చింది. తర్వాతి కాన్పులో పుట్టిన కొడుకు కుళ్ళాయప్ప మేళానికి పెద్ద. ఇంటికి పెద్దకొడుకునని ఛాతీ కాస్త విరిచి నడిచే మనిషి. ఇప్పుడు ఆటలు తగ్గి, తోలుతో కరెంటు దీపాలకు తొడిగే గొడుగులు చేసి అమ్ముతున్నారు. ఆ గొడుగుల కోసం వచ్చిన బెంగుళూరు షాపువాళ్ళు పాతబొమ్మలుంటే చూపించమన్నారు. హేమావతి మూట విప్పి చూపించి, టీ ఇచ్చి పంపింది. అంతే ఆమె చేసిన పాపం.

కిందటి ఎండాకాలం బళ్ళారి నుంచి వచ్చిన గాజులామె మాటల్లో మాటగా, ఫలానా వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, లారీల ఆయన, గుండెపోటుతో పోయాడని చెప్పింది. రుక్కూబాయి అన్నం వారుస్తూ ఉంది. వార్చడం ఆపలేదు.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. చిరిగి పనికిరాకుండా పోయిన బొమ్మను పారెయ్యరు. పసుపు కుంకుమ పెట్టి, మూరెడు గుడ్డ కప్పి, పారే నీళ్ళలో వదులుతారు. మనిషికి చేసినట్టే చేస్తారు. మా చిత్రావతి ఏటి సంగతి మీకు తెలుసు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. రుక్కూబాయి మూడు నెలలు కాచుకుంది. నీళ్ళు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు మూట విప్పింది. నా చేతికున్న దారం విప్పి, బిడ్డను కొంగులో చుట్టుకుని ఏటికి పోయింది. చూసింది నేనొక్కదాన్నే.

జాతరలో ఆట ఉందని మూట దించిన రోజు నా చెయ్యి ఖాళీగా కనబడింది. చిరగని బొమ్మను నీళ్ళలో వదలడం మా ఇళ్ళల్లో ఎవరూ ఎరగరు. అందుకే కుళ్ళాయప్పకు ఏరు తోచలేదు, షాపువాళ్ళు తోచారు.

"బెంగుళూరోళ్ళకు ఇచ్చినావా?" అన్నాడు భార్యతో.

"ఇయ్యలేదు."

"అట్లయితే ఈ బొమ్మమింద చెయ్యేసి ప్రమాణం చెయ్యి."

హేమావతి నా వైపు చూసింది. "దినామూ ఈ బొమ్మలతో ప్రమాణాలు చేయించేది మనమే గదా. చేసిన ఆడోళ్ళకు ఏం ఒరిగింది? నేను చెయ్యను."

"అయితే జాతరయినాక మీ అమ్మోళ్ళింటికి పో. బొమ్మ దొరికినప్పుడు రా."

పదహారేళ్ళ కాపురం ఆ ఒక్క మాటలోకి వచ్చి ఆగింది. రుక్కూబాయి మూల కూర్చుని అన్నీ వింటూనే ఉంది. నోరు తెరవలేదు. ఆ రోజు ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. నాకు సొంత నోరు లేకపోవడమూ అప్పుడే మొదటిసారి బాధగా అనిపించింది.

పొద్దు గూకగానే ఆట మొదలైంది. బిడ్డకు బదులు కుళ్ళాయప్ప ఒక అట్టముక్క కత్తిరించి నా చేతికి కట్టాడు. అట్టలోంచి వెలుగు రాదు. తెరమీద నేను రంగురంగులుగా ఉన్నాను, నా చేతిలో నల్లమచ్చ ఉంది. హేమావతి పాట ఎత్తుకుంది. అప్పుడు వెనకనుంచి రుక్కూబాయి వచ్చి నన్ను కోడలి చేతిలోంచి తీసుకుంది.

ఒక్క చరణం పాడింది. ఆ తర్వాత పాట ఆపి, నన్ను తెరకు ఆనించి మాట్లాడింది.

"బిడ్డను ఎవురూ అమ్ముకోలేదు నాయనా. నేనే ఏట్లో వదిలినా. నా కోడలికి ఏ పాపమూ తెలియదు. బళ్ళారిలో నా పెద్దకొడుకు సచ్చిపోయినాడు. కరువులో ఇరవై దినాల బిడ్డను ఇచ్చేసినా. మా బిడ్డని ఎక్కడా చెప్పమని మాటిచ్చినాం. అందుకే ఎవురికీ చెప్పుకోని ఏడ్సలేకపోయినా. వానికి చెయ్యాల్సింది ఈ బొమ్మకు చేసినా."

ఎన్నో ఏళ్ళుగా ఎవరెవరి మాటలో నాలోంచి పోయాయి. అవన్నీ ఎప్పుడో ఎవరో కట్టిన మాటలు. ఇవి మాత్రం ఇంతకుముందు లోకంలో లేనివి. నా ఒంట్లో ప్రతి చిల్లూ ఆ మాటలకే పొడిచారేమో అనిపించింది. అవతల జనం చప్పట్లు కొట్టారు. ఇవతల మద్దెల ఆగిపోయింది. కుళ్ళాయప్ప తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అయితే నేను పెద్దోణ్ణి కాదామ్మా?" అన్నాడు చివరికి.

"రెండోవాడివి నాయనా."

ఆట ఎట్లాగో ముగించారు. మూట కట్టేటప్పుడు కుళ్ళాయప్ప హేమావతి ముందు నిలబడి ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. "ముందు మీయన్నకు చెయ్యాల్సింది చెయ్యి. నాతో మాటలు తర్వాత మాట్లాడుదువు," అంది.

మర్నాడు పొద్దున్నే అతను గుండు చేయించుకుని, తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. నేను గోడకు వేలాడుతూ వాకిలి వైపే చూస్తున్నాను. ఎదురింటి ముసలాయన అరుగుమీదనుంచి అడిగాడు.

"ఏమప్పా, గుండు చేయించినావు? ఎవురు పోయినారు?"

కుళ్ళాయప్ప వీధి మధ్యలో ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట ఎన్నడూ రాని మాట. కూడదీసుకుని అందరికీ వినబడేట్టు అన్నాడు.

"మా యన్న."

లోపల రుక్కూబాయి గట్టిగా ఏడ్చింది. హేమావతి పొయ్యి దగ్గరనుంచి లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.