అరుగు లేని హాలు

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, సర్ది చూడమని మన పెద్దలెవరూ అన్లేదు. అనుంటే శివరామయ్య కాస్త జాగ్రత్త పడేవాడేమో.

మిరపకు మంచి ధర పలికిన ఏడు, ఎనభై నాలుగులో, మాచవరం పక్క ఊళ్ళో ఆయన పాత పెంకుటిల్లు తీయించి డాబా వేశాడు. వేయడంలో తప్పేం లేదు. సామాను సర్దే రోజు బావమరిది నాగేశ్వరరావు బస్సు దిగాడు. గుంటూరులో ఇళ్ళ ప్లాన్లు గీస్తాడతను. హాలు మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసి పెదవి విరిచాడు.

“ఇల్లు సర్దడానికి సూత్రాలుంటాయి బావా. మనిషి లోపలికి అడుగు పెట్టగానే చూపు ఒక్క వస్తువు మీద పడాల. పది వస్తువుల మీద పడితే అది ఇల్లు కాదు, సంత. గోడ రంగూ, కర్టెనూ, సోఫా గుడ్డా ఒకదానితో ఒకటి పోట్లాడకూడదు. సామాను కుక్కకూడదు, నడిచే దోవ వదలాల. అన్నిటికన్నా ముందు, వెలుతురుకి ఏదీ అడ్డం ఉండకూడదు.”

మాటలు బంగారమే. పాతింట్లో ఫోటోలు కప్పుకానుకుని వేలాడేవి, మంచాల పక్కనే ధాన్యం బస్తాలుండేవి. కాదనడానికి శివరామయ్యకి నోరెక్కడిది?

అయితే వెలుతురుకి అడ్డం వచ్చింది అరుగు. ఇల్లు కూల్చినా ఇంటి ముందున్న అరుగునీ, దాని మీది పెంకుల వసారానీ కదపలేదు. నాపరాళ్ళు పరిచిన అరుగు, కూర్చుని కూర్చుని నున్నబడింది. ఒక బండ మీద శివరామయ్య తండ్రి పులిమేక ఆటకి గీతలు చెక్కించాడు. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా ముప్పై ఏళ్ళుగా అక్కడే తెగేది. రెండు పక్షాలూ ఒకే రాతి మీద ఎదురుబొదురు కూర్చుంటే, గీతల బండ మీద శివరామయ్య కూర్చునేవాడు. మాలపల్లె దానియేలు లాంటివాళ్ళు మాత్రం కింద నిలబడేవాళ్ళు. అది రివాజు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నిలబడ్డవాళ్ళకి తప్ప.

శివరామయ్య సర్పంచి కాదు, ప్రెసిడెంటూ కాదు. ఆయనకున్నదల్లా ఒక్క పేరు: శివరామయ్య చెప్పాడంటే తెగినట్టే. ఆ పేరు కోసం కోతలప్పుడు కూడా పొలం వదిలేసి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

“అరుగు తీస్తే వచ్చినోళ్ళు ఏడ కూకుంటారయ్యా?” అంది భార్య అంజమ్మ.

“హాల్లో కూకుంటారు. సోఫాలు కొంటంది దేనికే?”

“అందం కొరుక్కు తింటామా?” అని గొణిగి ఆవిడ లోపలికి పోయింది. తమ్ముడి ముందు అంతకన్నా అనలేకపోయింది.

బండలు పెకలిస్తుంటే ఆయిలింజన్లు బాగుచేసే ఇమాం సాహెబ్ వచ్చాడు. “పారేసేయేగా మామా? నా షెడ్డు ముందు అంతా బురద. ఏసుకుంటా.”

“తీసకపోరా. నాకెందుకు!”

అరుగు చోట క్రోటన్ కుండీలు, ఇనప గేటు వచ్చాయి. హాల్లోకి వెలుతురు ధారాళంగా పడింది. పిస్తా రంగు గోడలు, ముఖం కనపడే మొజాయిక్, ఎదురుగా కొండపల్లి బొమ్మల అద్దాల బీరువా, మీగడ రంగు సోఫాలు. గుమ్మంలో నిలబడితే చూపు బొమ్మల మీదే పడింది. నాగేశ్వరరావు చెప్పినట్టే.

వానలు పడ్డాక మొదటి తగాదా వచ్చింది. ఇమాం సాహెబ్ షెడ్డుకి పోయే బాటకి అడ్డంగా వెంకట్రామయ్య ముళ్ళకంచె వేశాడు. అతను చలవ పంచెతో వచ్చి పెద్ద సోఫాలో కూర్చున్నాడు. ఇమాం సాహెబ్ ఇంజను దగ్గర్నుంచి లేచి వచ్చాడు, చొక్కా నిండా నూనె, కాళ్ళకి రేగడి. గుమ్మంలో ఆగి నేల వంక చూశాడు. కుండీల దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కొచ్చాడు. వచ్చి సోఫా వంక చూశాడు, తన చొక్కా వంక చూసుకున్నాడు. గోడకి కూడా ఆనకుండా కింద గొంతుక్కూర్చున్నాడు.

సోఫాలో కూర్చోమనే మాట శివరామయ్య నాలుక దాకా వచ్చింది. మీగడ రంగు గుడ్డ గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

తీర్పు మాత్రం ఆయన తూకం తప్పకుండా చెప్పాడు. బాట తాతల నాటిది, కంచె తీసేయాలి. వెంకట్రామయ్య సరేనన్నాడు. గెలిచిన ఇమాం సాహెబే మోకాళ్ళ మీద చేతులేసి మెల్లగా లేచాడు.

“న్యాయమే చెప్పావు మామా. కానీ ఆయన పైన కూకుని విన్నాడు, నేను కింద కూకుని విన్నా. నా బాట నాకొచ్చినట్టు లేదు. దానం చేసినట్టుంది.”

అతను పోయాక, కూర్చున్న చోట నూనె మరక పడిందేమోనని అంజమ్మ వెతికింది. పడలేదు.

తర్వాత గేటు తీసుకుని ఎవరూ రాలేదు. పత్తి తీతలు మొదలయ్యాయి, అయిపోయాయి. ఊళ్ళో తగాదాలు మానేసి అందరూ మంచివాళ్ళయ్యారా అంటే, అదేం లేదు. బజార్లో కనపడితే దణ్ణాలు పెడుతున్నారు, అంతే. అంజమ్మ రోజూ సోఫాల దుమ్ము దులుపుతోంది. సంవత్సరం తిరిగాక నాగేశ్వరరావు మళ్ళీ వచ్చాడు.

“పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి బావా! ఒక్కటీ చెదర్లేదు. సర్దడమంటే ఇదీ!”

“ఎట్టా చెదురుద్దిరా? మనిషి కూకుంటేగా!” అంది అంజమ్మ.

ఆ సాయంత్రం శివరామయ్య ఇంజను బెల్టు వంకన ఇమాం సాహెబ్ షెడ్డుకి బయల్దేరాడు. మలుపు తిరగ్గానే ఆగిపోయాడు. షెడ్డు ముందు తన అరుగు. రెండడుగుల ఎత్తున మట్టి పోసి, బండలన్నీ పరిచి, పైన తాటాకులు కప్పారు. ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. వెంకట్రామయ్య ఒక పక్క. అతనికి ఎదురుగా, పులిమేక గీతల బండ మీద, దానియేలు.

ముప్పై ఏళ్ళలో దానియేలు ఆ రాళ్ళ మీద కూర్చోగా శివరామయ్య చూడలేదు. కూర్చోనివ్వలేదు కూడా. ఆ ముక్క అప్పుడే మొదటిసారి ఆయనకు తట్టింది, తట్టి ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది.

“రా బావా, కూకో,” అన్నాడు వెంకట్రామయ్య.

దానియేలు కూడా చూశాడు. పాత అలవాటు కొద్దీ చెయ్యి బండకి ఆనించాడు లేవడానికి. ఏమనుకున్నాడో, లేవలేదు. పక్కకి జరిగాడు. ఒక మనిషి పట్టేంత చోటు వచ్చింది.

శివరామయ్య చెప్పులు విప్పి ఆ చోట కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఏంది తగాదా?”

“కాలవ నీళ్ళ వంతండీ,” అన్నాడు దానియేలు. “తెగిందండీ. ఇప్పుడే.”

“ఎవరు తెంచారు?”

ఇంజను మీంచి తలెత్తకుండానే ఇమాం సాహెబ్ చెప్పాడు. “ఎవరూ లేరు మామా. కూకున్నారు, మాట్టాడుకున్నారు.”

శివరామయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. చేతి కింద తండ్రి చెక్కించిన గీతలు తగులుతున్నాయి. బండ చల్లగా ఉంది. చీకటి పడుతున్నా ఇంటికి పోబుద్ధి కాలేదు.