రంగేసిన సిలిండర్లు దిగనియ్యం

సిలిండరు మూతి ఎగిరి జాన్‌బాబు కాలు విరగ్గొట్టిన రోజున, నోయిడాలోని మా ప్రైవేటు ఆసుపత్రి యాజమాన్యం ముందుగా నేలమీది రక్తం కడిగించింది. తర్వాత, అతనే దాన్ని అజాగ్రత్తగా పడేశాడని చెప్పింది. సెల్లార్లో ఆక్సిజన్ సిలిండర్లు మార్చే పని అతనిది. నేను అక్కడి నర్సుని, కళ్ళారా చూశాను. అతను పడేయలేదు. వాల్వు తిప్పాడు, అంతే.

మంచి సిలిండర్లు ఎంచి తెమ్మంటే కొనుగోళ్ళ మేనేజరు సుధీంద్ర ఎంచినవి ఇవీ! ఏవో ఫ్యాక్టరీల్లో అరిగిపోయి, పరీక్ష గడువు దాటిపోయినవి. మెడమీద చెక్కిన తేదీని గ్రైండరుతో గీకేసి పైన రంగు కొట్టించారు, ముసలి ఎద్దు కొమ్ములకు రంగేసి సంతకు తోలినట్టు. చవగ్గా వచ్చాయట. సెల్లార్ పైన వార్డు, వార్డు పైన మా హాస్టలు. తినడం, పడుకోవడం అన్నీ వాటి నెత్తినే.

పోనీ వెళ్ళిపోదామా అంటే మా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. డ్యూటీ దిగి గదికి చేరామంటే హాస్టలు తలుపుకు బయట తాళం పడుతుంది. ఆడపిల్లల భద్రత కోసమట! మంట లేస్తే ఎటు పరుగెత్తాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీటింగు పెడితే ఉద్యోగం ఊడుతుంది. ఆదివారం ప్రార్థనకు మాత్రం అనుమతి ఉంది, మాలో చాలామందిమి కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులం.

అందుకే ఆ ఆదివారం ప్రార్థనలోనే వాదులాడుకున్నాం. మర్నాడు అలాంటివే ఇంకో లారీడు వస్తున్నాయి. సమ్మె చేద్దామన్నారు కొందరు. ఐసీయూలో పనిచేసే నర్సు ఆరాధన ఒప్పుకోలేదు.

“మనం చేతులు కట్టుక్కూచుంటే ఊపిరాగేది సుధీంద్రకి కాదక్కా, నా పేషెంట్లకి.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతలో వార్డెన్ దీదీ తలుపు తోసుకుని వచ్చింది. ఆమెకు తెలుగు ముక్క రాదు. గబుక్కున అందరం కళ్ళు మూసుకున్నాం. మాలో పెద్దదైన రెబ్కా అక్క చేతులెత్తి ప్రార్థన గొంతుతోనే అందుకుంది.

“ప్రభువా, వార్డుల్లో ఎవరూ పని ఆపకుండా చూడు. రేపు పొద్దున డ్యూటీ దిగినోళ్ళంతా హాస్టలుకి రాకుండా వెనక గేటుకాడ నిలబడేలా బలమియ్యి. మంచి సిలిండర్లొస్తే మేమే దారిస్తాం తండ్రీ. రంగేసినవి మాత్రం ఒక్కటీ దిగనియ్యం.”

ఆమెన్ అన్నాం. వార్డెన్ కూడా భక్తిగా ఆమెన్ అంది.

తెల్లారి లారీ వచ్చేసరికి గేటుకు అడ్డంగా నిలబడ్డాం. సంగతి తెలిసి రోగుల బంధువులూ వచ్చి మా వెనక చేరారు. సుధీంద్ర పరుగున వచ్చి, ఇక మీ సర్టిఫికెట్లు మరిచిపోండి అని బెదిరించాడు.

“వాటికి బయపడే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాం సార్. జాన్‌బాబు కాలు విరిగింది. ఇంకెవరి వంతు దాకా ఆగమంటారు?” అంది రెబ్కా అక్క.

పోలీసులు వచ్చారు. ఆసుపత్రికి ఆక్సిజన్ అందనివ్వడం లేదని అక్కను జీపెక్కించారు. లోపల మంచి సిలిండర్లు ఇంకా ఉన్నాయని మేమెంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

సుధీంద్ర లారీ మీది హమాలీలను సిలిండర్లు దించమని కేకేశాడు. వాళ్ళు బీహారువాళ్ళు, మా భాష రాదు. కానీ ఆ సిలిండర్లను రోజూ భుజాన మోసేది వాళ్ళే. వాళ్ళలో పెద్దాయన లారీ వెనక తలుపు మూసి గొళ్ళెం బిగించాడు.

“హమ్ నహీ ఉతారేంగే సాబ్. ఆప్ ఉతార్ లీజియే.”

మేం దించం, మీరే దించుకోండి అన్నాడు. సుధీంద్ర లారీవైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అందులో ఏమున్నాయో అందరికంటే బాగా తెలిసింది అతనికే. మేము గేటుకు అడ్డంగా నేలమీద కూర్చున్నాం. హమాలీలు లారీ దిగి వచ్చి మా పక్కన కూర్చున్నారు.