నారాయణమ్మ సరేనంటేనే

నరసన్నపేటలో జగన్నాధం కిరాణా కొట్టుకి శనివారం పొద్దున్న వెళ్లాలంటే ముందు ఓపిక ఉండాలి. కొట్టు రెండు మంచాలంత. జనం మాత్రం మెట్లు దిగి, రోడ్డు మీద ఆటోలకి అడ్డం పడేదాకా ఉంటారు. ఒకరు అరకేజీ కందిపప్పంటే, వాళ్ల భుజం మీంచి ఇంకొకరు చెయ్యి చాపి సబ్బులడుగుతారు. అంత రద్దీలోనూ నారాయణమ్మ తన పని తాను తాపీగా చేసుకుంటుంది. ఆవిడ పనేమిటంటే, బియ్యం బస్తాలకి పరీక్ష పెట్టడం.

బస్తా మూతి విప్పించాలి. గుప్పెడు తీసి అరచేతిలో నలపాలి, వాసన చూడాలి, పది గింజలు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని నమలాలి. ఆ నమలడం ఎంతసేపంటే, వెనకున్నవాళ్లకి కాళ్లు పీకి నోళ్లు లేస్తాయి. "పరీక్ష మొదలెట్టీసింది" అని ఒకరంటే, "అవి బియ్యమా, బబుల్ గమ్మా అత్తా" అని మరొకరు. ఆవిడ చెవినేసుకుంటే కదా. చివరికి కళ్లు తెరిచి, "ఇవి నువ్వే వొండుకో జగన్నాధం, మాకొద్దు" అని నలుగురిలోనూ అనేసి పక్క బస్తా మీద పడుతుంది.

కోడలు కుమారి కొత్తవలస పిల్ల. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. బస్తా మీద బొమ్మ చూసి బియ్యం కొనడమే గానీ కొరికి కొనడం ఆ ఇంట్లో ఎరగరు. పెళ్లయి వచ్చిన ఎనిమిదేళ్లూ, అత్త నములుతున్నంతసేపూ నాలుగడుగులు వెనక్కి జరిగి, ఫోను చూసుకుంటూ, ఆవిడెవరో తనెవరో అన్నట్టు నిలబడేది. నిజం చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుండేది. అత్తంటే ఇష్టం లేక కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఇద్దరూ ఒక కంచంలో తినేంత చనువు. సిగ్గంతా ఆ కొట్టు మెట్లెక్కాకే.

కొత్త పంట మిల్లులకి చేరుతున్న రోజుల్లో పెరట్లో జారి నారాయణమ్మకి కాలు మడతపడింది. కట్టు కట్టి కదలొద్దన్నారు. "బియ్యం నోట్లో ఏసుకుని సూడే. ఎవులో సూస్తారని సిగ్గుపడిపోకు" అని మంచం మీంచే పురమాయించింది.

"అలగేలే అత్తా" అని కుమారి సంచీ తీసుకుంది గానీ ఆమె ఉద్దేశం వేరు. సరుకులు తేవడం పది నిమిషాల పని. ఈ ఒక్కరోజైనా ఆ సంగతి రుజువు చెయ్యాలి.

కొట్టు ముందు రైస్ మిల్లు వ్యాను ఆగి ఉంది. నిండా యాభై బస్తాలు, ఒక్కటీ దింపలేదు. మిల్లు మనిషి దేవేంద్ర మెట్టు మీద కూర్చుని విసుక్కుంటున్నాడు. జగన్నాధం కుమారిని చూసి, ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"మీ అత్తేదమ్మా?"

"కాలు మడతడిపోనాది మావా. పది రోజులు మంచం దిగొద్దన్నారు. ఇదిగో, సరుకులు రాసి తెచ్చినాను."

జగన్నాధం చీటీ అందుకోలేదు. గల్లాపెట్టె వదిలి బయటికొచ్చాడు. అంత రద్దీలో అతను అక్కణ్ణుంచి లేవడం అంతకు ముందెవరూ చూసి ఉండరు.

"నీకో మాట సెప్తాను, మీ అత్తకి సెప్పకు" అన్నాడు గొంతు తగ్గించి. "ఆవిడ నమిలి బాగున్నాయంటేనే ఆ సరుకు నా కొట్లో ఉంటాది. వొద్దన్నది ఆ సాయంత్రమే మిల్లుకి పంపీస్తాను. ఇరవయ్యేళ్ల బట్టీ ఇదే. ఈ వ్యానునీ ఆవిడ కోసమే ఆపినాను."

"మరి ఆవిడికెందుకు సెప్పలేదు?"

"సెప్తే మొహమాటపడిపోతాది. మొహమాటమొస్తే నాలిక పన్చెయ్యదు."

కుమారి కొట్లోని బస్తాల కేసి చూసింది. నలుగురిలో పరువు తీస్తోందనుకున్న మనిషి మాట మీద ఇంత కొట్టు నడుస్తోందా?

"ఈపాలికి నువ్వే సూడాల" అన్నాడు జగన్నాధం.

"నాకేటి తెల్దు మావా."

"ఎనిమిదేళ్లు ఆవిడ పక్కనే ఉన్నావు కదేటి."

పక్కన కాదు, దూరంగా. కుమారి లోపలే అనుకుంది.

ఈలోపు జనంలోంచి కృపానిధి మాస్టారు ముందుకొచ్చారు. స్కూలు టీచరుగా రిటైరై ఇప్పుడు చర్చి పనులు చూస్తున్నారు. మర్నాడే చర్చిలో కోత పండగ, నాలుగొందల మందికి భోజనాలు. "మూడు బస్తాలు నాకిచ్చీండి జగన్నాధం, వంటవాళ్లు కూర్చున్నారు" అన్నారు. పాత బియ్యమైతే ఏ చింతా లేదు. కొత్తవైతే గుండిగలో ముద్దైపోతాయి, ఊరి ముందు ఆయన తల దించుకోవాలి.

ఇక తప్పదని కుమారి పై బస్తాలోంచి గుప్పెడు తీసింది. నలిపింది, వాసన చూసింది, నోట్లో వేసుకుంది. అందరూ తన దవడే చూస్తున్నారు. గింజ టక్కున విరిగింది, నమిలితే పొడిపొడిగా అయింది. "పాతవే" అంది. దేవేంద్ర లేచి బస్తా మీద చెయ్యేశాడు. అప్పుడు కుమారికి స్ఫురించింది, అత్త ఏనాడూ పైనున్న బస్తాతో సరిపెట్టుకోలేదని.

"లోపలి వరసలోది ఒకటి తియ్యండి."

"అంతా ఒకటే సరుకమ్మా" అన్నాడు దేవేంద్ర.

"అయితే తియ్యడానికేటి?"

"ఇదీ అత్త బాపతే" అని వెనకెవరో అన్నారు. నలుగురు నవ్వారు. ఇంకో రోజైతే కుమారి అక్కడే సంచీ మడిచి ఇంటికెళ్లిపోయేది. ఇవాళ కదల్లేదు.

లోపలి బస్తా గింజ కూడా బాగానే విరిగింది. వాసనా బాగుంది. దేవేంద్ర ముఖం విప్పారింది. కుమారి ఆగకుండా నమిలింది. అందరి ఓపికా అయిపోయాక కూడా అత్త ఎందుకు నములుతుందో అప్పుడర్థమైంది. అసలు సంగతి చివర్లో తెలుస్తుంది. గింజ మెత్తబడి, జిగురై, పళ్లకి పట్టేసింది.

"ఇవి కొత్తవి. పైన పాతవి పేర్చి లోపల ఇవి పెట్టినారు."

"మిషన్ మీద తేమ సూసిన సరుకమ్మా" అన్నాడు దేవేంద్ర. "పళ్లతో సూస్తే తెలిసిపోతాదేటి?"

"ఈ కొట్లో పళ్లతోనే సూస్తాం" అన్నాడు జగన్నాధం. "ఎనక్కి తీసుకెల్లిపో."

కృపానిధి మాస్టారికి కంగారు పుట్టింది. "వ్యాను వెళ్లిపోతే రేపు నా సంగతేటి తల్లీ? ఈసారికి సర్దుకుపోదాం, సరేనను."

సరే అంటే ఒక్క మాటతో పోతుంది. మాస్టారికి నిశ్చింత, దేవేంద్రకి నిశ్చింత, తనకీ ఇంటిదారి. కుమారి నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది.

"గుండిగ దించినాక సర్దుకోలేం మాస్టారూ. పై వరసలో పన్నెండు బస్తాలున్నాయి. ఒక్కొక్కటీ సూసి ఇస్తాను. మూడు మీరు పట్టుకెల్లండి."

కొంగు దోపుకుని వ్యానెక్కింది. ఒక్కో బస్తా మూతి విప్పడం, నలపడం, నమలడం, ఉమ్మి నోరు పుక్కిలించడం. నాలుగో బస్తాకి దవడ పట్టేసింది. మాస్టారు స్వయంగా నీళ్ల సీసా పట్టుకుని పక్కనే నిలబడ్డారు. తొందరపెట్టే గొంతు ఒక్కటీ లేవలేదు. సబ్బుల కోసం వచ్చినవాళ్లు కూడా సబ్బులు మర్చిపోయి చూస్తున్నారు. పన్నెండింట్లో పదకొండు దింపించింది, ఒకటి వద్దంది. దేవేంద్ర పక్కకెళ్లి మిల్లుకి ఫోన్ చేసి, తిరిగొచ్చి, "మంగళారం పాతవే పంపిస్తామంటన్నారు" అని వ్యానెక్కేశాడు. అతను ఆమె ముఖం కేసి చూడలేదు. కుమారి మాత్రం జనమందరి ముఖాల్లోకీ చూసింది, ఎనిమిదేళ్లలో మొదటిసారి.

పది నిమిషాల పని రెండున్నర గంటలైంది. ఇంటికెళ్లేసరికి నారాయణమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. "ఏటే, బజారే కొనీసినావేటి?"

చెప్పొద్దన్నాడు జగన్నాధం. అలాంటి సంగతి కడుపులో దాచుకోవడం కుమారి వల్ల కాలేదు. వ్యాను దగ్గర్నుంచి మొత్తం చెప్పేసింది. చెప్పి, "నీ ఎనకాల నిలబడి సిగ్గుపడేదాన్నత్తా" అని అది కూడా అనేసింది.

నారాయణమ్మ సంచీలో చెయ్యి పెట్టి పది గింజలు నోట్లో వేసుకుంది. "నువ్వు సిగ్గుపడేదీ తెల్సు, ఆడు ఎనక్కి పంపేదీ తెల్సు" అంది. "నాను వొద్దన్న బస్తా మర్నాడు ఆ కొట్లో కనపడదు. ఏటైపోనాదో తెల్దా నాకు?"

"తెల్సీ అన్ని మాటలు పడ్డావేటి?"

"మనొక్క ఇంటికైతే అంతసేపు నములుతానేటే? మన ఈదిలో అందరికీ నమిలినాను."

కుమారి మంచం అంచున కూర్చుని, సలుపుతున్న దవడని అరచేత్తో పట్టుకుంది.

"నానూ నమిలినానత్తా" అంది. "నాలుగొందల మందికి." ఆ మాట అంటున్నప్పుడు గర్వం దాచుకోవాలని ఆమెకి అనిపించలేదు.